మూడు రోజులు, మూడు ఊర్లు, ఒక స్టేషన్ బోర్డు



మేము జర్మనీ వచ్చినప్పటి నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతనే ఉన్నరు, "అక్కా, అక్కడ ఎట్లుంటది, ఫొటోలు పెట్టుడేనా, ఏమన్న రాసుడు కూడా ఉన్నదా?" అని. అందుకే ఈసారి కొంచెం పెద్దగనే రాస్తున్నం. మేమిద్దరం. ఒకరిది ఉట్నూరు దగ్గర గోండుగూడెం, ఇంకొకరిది కెరమెరి వైపు కొలాంగూడెం. ఇద్దరికీ ఇరవై ఏండ్లు. ఆశ్రమ పాఠశాల, ఆ తర్వాత గురుకులం, ఆ తర్వాత డిగ్రీ కాలేజీ హాస్టల్. ఇప్పుడు ఒక సెమిస్టర్ ఎక్స్‌చేంజ్ మీద కెమ్నిట్స్ అనే ఊర్లో మళ్లీ హాస్టలే. రెండిండ్లల్లనూ కాలేజీ మెట్టు ఎక్కిన మొదటి మనుషులం మేమే. ఒకరు టైపు చేస్తుంటే ఇంకొకరు పక్కన కూసొని గుర్తు చేస్తున్నరు, అందుకే అంతటా "మేము" అనే ఉంటది.

కెమ్నిట్స్ గురించి రెండు ముక్కలు. 1953 నుంచి 1990 దాకా దీని పేరు కార్ల్ మార్క్స్ స్టాట్. ఊరి నడుమ మార్క్స్ తలకాయ విగ్రహం ఉన్నది, ఒట్టి తలే ఏడు మీటర్ల ఎత్తు. 1971లో పెట్టిన్రు. పేరు మార్చుకున్నా తల మాత్రం తీయలేదు. మా ఇండ్లకు పంపిన మొదటి ఫొటో అదే. "ఈ ముసలాయన మీ సారా?" అని మా నాయన అడిగిండు.

మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం బయలుదేరినం. ఇక్కడ స్టూడెంట్లకు ఒక టికెట్ ఉంటది. 2025లో మామూలు మనుషులకు నెలకు 58 యూరోలు, మాకు 34.80 ఉండె. ఆరు నెలలకు 208.80 యూరోలు సెమిస్టర్ ఫీజుతోనే కట్టించుకున్నరు. ఆ టికెట్ ఉంటే దేశంలో ఏ ఊర్లోనైనా సిటీ బస్సు, ట్రామ్, ప్యాసింజర్ లాంటి రీజినల్ రైళ్లు అన్నీ ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ అనే స్పీడు రైళ్లు మాత్రం ఎక్కొద్దు. మాకు ఆ చిన్న రైళ్లే నయం అనిపించింది. ప్రతి ఊర్లో ఆగుతయ్, కిటికీ బయట చేన్లు కనబడతయ్. బ్యాగులో అటుకులు, ఎల్లిపాయ కారం, నీళ్ల బాటిళ్లు పెట్టుకున్నం. యూరో అంటే దాదాపు వంద రూపాయలు. బయట ఒక రొట్టె తింటే ఇంటి దగ్గర ఒక కూలి రోజు పోయినట్టే లెక్క వస్తది, ఆ లెక్క తలకాయల నుంచి పోదు.

మొదట లైప్‌జిగ్. గంట ప్రయాణం. స్టేషనే ఒక ఊరంత ఉన్నది. మా కాలేజీ సీనియర్ అక్క అక్కడ మాస్టర్స్ చేస్తున్నది. భద్రాచలం వైపు కోయ అక్క. ఇంకో నలుగురు తెలుగు స్టూడెంట్లతో కలిసి ఇల్లు తీసుకున్నది. పప్పు, కోడికూర వండి పెట్టిన్రు. తినుకుంట మాట్లాడుతుంటే అందులో ఒకతను అడిగిండు, "మీరు ఇంట్లో ఏం మాట్లాడుతరు?" ఒకరం గోండి అన్నం, ఒకరం కొలామి అన్నం. "అవి భాషలా, యాసలా? లిపి ఉన్నదా?" అన్నడు. అతను చెడ్డగ అడగలేదు, తెల్వక అడిగిండు. నార్నూరు మండలం గుంజాలలో 2006లో దొరికిన చేతిరాత పుస్తకాల గురించి, ఆ గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కిన సంగతి చెప్పినం. "ఔనా!" అని మెచ్చుకున్నడు. కొలామికి సొంత లిపి లేదు. దాని గురించి మళ్లీ ఎవరూ అడగలేదు.

గిన్నెలు కడిగేటప్పుడు అక్క మెల్లగ అన్నది, "ఇవన్నీ ఎందుకు చెప్పుకోవాలె చెల్లే? ఇక్కడ మనం ఎవరమో ఎవరికీ తెల్వదు. రిజర్వేషన్ సీటు అని చూసే చూపు లేదు, ఏజెన్సీ పిల్లలు అనే మాట లేదు. జర్మనోళ్లకు అందరం ఇండియన్లమే. మనోళ్లకు ఆదిలాబాద్ అంటే చాలు. ఇంత దూరం వచ్చి కూడా హాయిగ ఉండకపోతే ఎట్ల?" ఆమె ప్రేమతోనే చెప్పింది. హాస్టళ్లల్ల ఆమె పడ్డ మాటలు మేము పడ్డవే. ఎవరికీ తెల్వకుండ ఉండుట్ల ఒక సుఖం ఉన్నది, అది నిజం. మాకు జవాబు దొరకలేదు. ఆ మాట మాతోనే రైలెక్కింది.

శనివారం పొద్దున ఊరు తిరిగినం. బాఖ్ 1723 నుంచి చనిపోయేదాకా, అంటే 1750 దాకా, సంగీతం నడిపించిన థామస్ చర్చి చూసినం. మా మనసుకు పట్టింది మాత్రం నికొలాయ్ చర్చి. తూర్పు జర్మనీ కాలంలో ప్రతి సోమవారం జనం అక్కడ ప్రార్థనకు కలిసేటోళ్లు. 1989 అక్టోబర్ 9న ప్రార్థన అయినంక సుమారు 70 వేల మంది రోడ్ల మీద నడిచిన్రు. పోలీసులు ఉన్నరు, కాల్పులు అయితయేమో అని అందరికీ భయం ఉన్నది, అయినా నడిచిన్రు. కాల్పులు జరగలేదు. నెల రోజుల్ల బెర్లిన్ గోడ తెరుచుకున్నది. వాళ్ల నినాదం చాలా చిన్నది, "ప్రజలంటే మేమే" అని. జోడేఘాట్ కథలు విని పెరిగినోళ్లకు ఆ "మేము" కొత్త మాట కాదు.

మధ్యాహ్నం డ్రెస్డెన్ రైలు, గంటన్నర పైనే. అక్కడ ఉన్నది మహబూబాబాద్ వైపు లంబాడా అక్క, నర్సింగ్ అప్రెంటిస్. దీన్ని ఇక్కడ ఆస్‌బిల్డుంగ్ అంటరు. మూడేండ్లు ఆసుపత్రిల పని, స్కూల్ల చదువు రెండూ కలిసే ఉంటయ్. ఫీజు కట్టుడు ఉండది, పైగా నెలకు వెయ్యి యూరోల పైనే స్టైపెండ్ ఇస్తరు. కాకపోతే రాకముందే జర్మన్ భాష గట్టిగ నేర్చుకోవాలె. అక్క ఆ రోజు డ్యూటీ దిగేసరికి రాత్రయింది. ఊర్ల దగ్గర మన మధ్య ఎన్ని పంచాయితీలు ఉన్నా, డ్రెస్డెన్‌లో రాత్రి పదింటికి తలుపు తీసి అన్నం పెట్టింది ఆ అక్కనే. ఈ మాట ఈ గ్రూపులోనే రాయాలనిపించింది.

ఆమె వచ్చేదాకా మేమే తిరిగినం. పాత కోట గోడ మీద రాజుల ఊరేగింపు బొమ్మ ఉన్నది, 102 మీటర్ల పొడుగు. సుమారు 23 వేల పింగాణీ పలకలు అతికిచ్చి చేసిన్రు. అక్కడి నుంచి ఫ్రావెన్ కిర్కె అనే చర్చికి పోయినం. 1945 ఫిబ్రవరిలో బాంబులు పడి ఊరు కాలిపోయింది, రెండు రోజులకు ఆ చర్చి కూలింది. ఆ రాళ్ల కుప్ప దాదాపు యాభై ఏండ్లు అట్లనే ఉన్నది. 1994లో మళ్లీ కట్టుడు మొదలుపెట్టి 2005లో తెరిచిన్రు. కుప్పల నుంచి పనికొచ్చే పాత రాళ్లను ఏరి గోడల్ల పెట్టిన్రు. కొత్త రాయి తెల్లగ, పాత రాయి నల్లగ దూరం నుంచే కనబడతది.

ఆదివారం పొద్దున ట్రామ్‌ల అక్క వాళ్ల అమ్మకు వీడియో కాల్ చేసింది. గోర్ బోలిలో గట్టిగ, నవ్వుకుంట, పది నిమిషాలు మాట్లాడింది. ఎవరూ తిరిగి చూడలేదు. "మెల్లగ మాట్లాడు అక్కా" అంటే, "వీళ్లకు తెలుగైనా ఒకటే, ఇదైనా ఒకటే. మెల్లగ మాట్లాడితే మా అమ్మకు వినబడది" అన్నది. ఎవరికీ తెల్వదు గనుక చెప్పుడు ఎందుకు అన్నది లైప్‌జిగ్ అక్క. ఎవరికీ తెల్వదు గనుక భయం ఎందుకు అన్నట్టు ఉన్నది ఈ అక్క.

అక్కడి నుంచి గంట లోపు ప్రయాణం, బౌట్సెన్. మా హాస్టల్ వంటింట్ల దోస్తయిన ఒక అమ్మాయి ఊరు దాని పక్కనే. "ఒక్కసారి రండి, మా వాళ్లు వేరే" అని చాలా రోజుల నుంచి పిలుస్తున్నది. వేరే అంటే ఏందో రైలు ఆగినంకనే అర్థమైంది. స్టేషన్ బోర్డు మీద రెండు పేర్లు ఉన్నయ్. బౌట్సెన్, దాంతో పాటు బుడిషిన్. రెండోది జర్మన్ కాదు, సోర్బియన్.

సోర్బులు స్లావ్ జాతి మనుషులు. రష్యన్, పోలిష్, చెక్ భాషలు ఎట్లనో వీళ్ల భాష అట్ల. సుమారు 1400 ఏండ్ల కింద వచ్చి లుసాటియా అనే ఈ ప్రాంతంలో ఉండిపోయిన్రు. చుట్టూ జర్మన్ రాజ్యాలు వచ్చినయ్, పోయినయ్, వీళ్లు మిగిలిన్రు. ఇప్పుడు మొత్తం ఒక 60 వేల మంది అంటరు, అందులో భాష వచ్చినోళ్లు ఇంకా తక్కువ. మన లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాతృభాష అని రాయించుకున్నోళ్లు దేశం మొత్తం మీద సుమారు 29.8 లక్షలు. కొలామి 1.28 లక్షలు. అంటే మనం చిన్నది అనుకునే కొలామి కూడా లెక్కల వీళ్లకంటే పెద్దదే. కాని వీళ్లకు సోర్బియన్ భాషల రోజువారీ పేపర్ ఉన్నది, నాటకశాల ఉన్నది, మ్యూజియం ఉన్నది, హాస్టల్‌తో సహా హైస్కూల్ ఉన్నది. 1992 నాటి సాక్సనీ రాజ్యాంగంలో వీళ్ల హక్కుల మీద ఒక ఆర్టికల్ ఉన్నది.

దోస్తు ఊరంతా చూపించింది. కింద స్ప్రే నది, పైన గుట్ట మీద బురుజులు. 1558లో కట్టిన నీళ్ల టవర్ ఉన్నది, నది నీళ్లను పైకి ఎక్కించేటందుకు. అది 1965 దాకా పనిచేసిందట. సెయింట్ పీటర్ చర్చిల క్యాథలిక్కులు ఒక సగం, ప్రొటెస్టెంట్లు ఒక సగం 1524 నుంచి వాడుకుంటున్నరు. సోర్బియన్ మ్యూజియంల పెండ్లి బట్టలు, మైనంతో ముగ్గులు పెట్టి రంగులద్దిన గుడ్లు, పాత పుస్తకాలు ఉన్నయ్. 1937లో నాజీలు వీళ్ల సంఘం డొమొవినాను పనిచేయనియ్యలేదు. పుస్తకాలు, పేపర్లు ఆపిన్రు, సోర్బియన్ టీచర్లను, పాస్టర్లను వేరే ప్రాంతాలకు పంపేసిన్రు. ఆ గది నుంచి ఇద్దరం మాట్లాడకుండ బయటికి వచ్చినం.

మధ్యాహ్నం వాళ్లింటికి తీసుకపోయింది. ఉడకబెట్టిన ఆలుగడ్డలు, గట్టి పెరుగు లాంటి క్వార్క్, దాని మీద అవిసె నూనె. అవిసె నూనె వాసనకు ఇల్లు గుర్తొచ్చింది. నీళ్ల జగ్గు పట్టుకొని దోస్తు వాళ్ల అమ్మ "వోద?" అని అడిగింది. జర్మన్‌ల వాసర్, సోర్బియన్‌ల వోద. మేం చెప్పినం, గోండిల ఏర్, కొలామిల ఈర్, తెలుగుల నీరు. అమ్మ మూడు మాటలు పలికి చూసి, "ఇవి అక్కాచెల్లెండ్ల లెక్క ఉన్నయ్ గద" అన్నది. అవును, ఒకే ద్రావిడ కుటుంబం. పక్క ఊర్లోనే ఉండే మన తెలుగోళ్లల్ల చాలామందికి తెల్వని సంగతి, ఎక్కడో లుసాటియాలో అన్నం తినుకుంట ఒక తల్లి ఒక్క మాటకే పట్టేసింది.

ఆమె చెప్పిన ఒక కథ మీ అందరికీ చెప్పాలె. ఆ పక్కనే క్రోస్ట్‌విత్స్ అనే ఊరు ఉన్నది, సోర్బియన్‌ల హ్రూష్చిత్సి అంటరు. 2001లో అక్కడి స్కూల్ల ఐదో తరగతికి 17 మంది పిల్లలే వచ్చిన్రు. రూలు ప్రకారం 20 మంది ఉండాలె. ముగ్గురు తక్కువ, అందుకని తరగతి తీసేస్తమన్నరు. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. పిల్లలను అదే స్కూలుకు పంపిన్రు. రిటైరైన టీచర్లు వచ్చి వారాల తరబడి పాఠాలు చెప్పిన్రు. జనం రోడ్ల మీదికి వచ్చిన్రు, దేశమంతా తెలిసింది. చివరికి ఓడిపోయిన్రు. 2003లో ఆ స్కూలు మూతపడ్డది.

మాకు మన గూడేల గిరిజన ప్రాథమిక పాఠశాలలు కండ్ల ముందు తిరిగినయ్. ఒక్క సారు, పన్నెండు మంది పిల్లలు, "సంఖ్య తక్కువ, పక్క ఊరికి పంపండి" అనే మాట. సంఖ్య చూసి స్కూలు మూసుడు మన దగ్గరనే అనుకున్నం. వాళ్లకు రాజ్యాంగంల ఆర్టికల్ ఉన్నా ముగ్గురు పిల్లలు తక్కువైతే ఆగలేదు.

బొగ్గు సంగతి కూడా అంతే. లుసాటియా కింద బొగ్గు ఉన్నది. దాని కోసం వందకు పైగా ఊర్లను లేపేసిన్రు, వాటిల్ల చాలా సోర్బియన్ ఊర్లే. బ్రాండెన్‌బుర్గ్ వైపు హోర్నో అనే ఊరు ఏండ్ల తరబడి కొట్లాడింది, కోర్టులకు పోయింది. 2004లో చర్చి కూడా కూల్చేసిన్రు. ఇంకో టౌన్ పక్కన కొత్త ఇండ్లు కట్టిచ్చిన్రు. ఊరు పోతే ఇండ్లు దొరకొచ్చు. చుట్టూ ఉన్నోళ్లంతా వేరే భాష మాట్లాడితే పిల్లలు ఏ భాషల ఆడుకుంటరు? ఓపెన్‌కాస్టులు, ప్రాజెక్టులు చూసినోళ్లకు ఇది విడమరిచి చెప్పే పని లేదు.

అప్పుడు లైప్‌జిగ్ అక్క మాటను మేం దోస్తు ముందట పెట్టినం. "నువ్వు చూసేటందుకు జర్మన్ లెక్కనే ఉన్నవ్. పేరు మార్చుకుంటే ఎవరికీ తెల్వదు. మరెందుకు ఈ కష్టం?" ఆమె కొంచెంసేపు ఆలోచించి చెప్పింది, "మాకు కనబడకుండ పోవుడు చాలా తేలిక. రేపు పొద్దున నోరు మూసుకుంటే చాలు, అయిపోయింది. మా నాయనమ్మ వాళ్ల అక్కచెల్లెండ్లల్ల సగం మంది అట్లనే పోయిన్రు. ఎవరూ వాళ్లను కొట్టలేదు. అందుకే నేను ప్రతి కొత్త మనిషికి మొదటి రోజే చెప్త. ఆలస్యమైతే చెప్పబుద్ధి కాదు."

ఇంకొకటి కూడా అన్నది. "బోర్డు చూసి మురవకండి. బోర్డు మాట్లాడది. కొన్నిచోట్ల సోర్బియన్ పేరు మీద రంగు పూసి పోతరు కూడా. కొట్బుస్ వైపు లోయర్ సోర్బియన్ ఉన్నది, దానికీ బోర్డులున్నయ్, కాని ఇంట్ల మాట్లాడే ముసలోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత అయితున్నరు. అందుకే 1998 నుంచి విటాయ్ అని కిండర్‌గార్టెన్లు నడుపుతున్నరు." విటాయ్ అంటే స్వాగతం అని అర్థం. అక్కడ టీచర్ పిల్లలతో పొద్దంతా సోర్బియన్‌లనే మాట్లాడతది. ఇంట్ల రాని పిల్లలకు కూడా ఆట పాటలతోనే వస్తది.

ఇది మనకు కొత్త కాదు. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడైనంక, నిజాం సర్కారు గోండుల సంగతి తెలుసుకోమని పంపిన హైమన్‌డార్ఫ్ మార్లవాయిల ఉన్న సంగతి మనందరికీ తెలుసు. ఆయన మాతృభాష కూడా జర్మనే, వియన్నా మనిషి. 1943లోనే మార్లవాయిల గోండు టీచర్లకు ట్రైనింగ్ పెట్టిన్రు, గోండి వాచకాలు దేవనాగరి లిపిల అచ్చేసిన్రు. అంటే విటాయ్ కంటే యాభై ఏండ్ల ముందే మన గూడెంల మన భాషల బడి నడిచింది. ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడు 2004 ప్రాంతంల గోండి, కొలామి, కోయ, సవర లాంటి ఎనిమిది భాషల్ల చిన్న క్లాసులకు పుస్తకాలు తెచ్చిన్రు. మొదలుపెట్టుడు మనకూ తెలుసు. రోజూ నడిపించే మనుషులు కావాలె.

సాయంత్రం స్టేషన్‌కు తెచ్చి దింపిన్రు. తొమ్మిదింటి దాకా వెలుతురు ఉన్నది. డ్రెస్డెన్‌ల రైలు మారి కెమ్నిట్స్ చేరేసరికి అర్ధరాత్రి దగ్గరయింది. దారిల ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నం. మేం ఇద్దరం ఎప్పుడూ తెలుగులనే మాట్లాడుకుంటం, ఎందుకంటే ఒకరి భాష ఇంకొకరికి సగమే వస్తది. ఇప్పుడు రోజూ రాత్రి అన్నం తినేటప్పుడు ఒక రోజు గోండి, ఒక రోజు కొలామి. రానిది అడగాలె, వచ్చేదాకా తెలుగు మాట వాడొద్దు. మొదటి వారం అన్నం చల్లారిపోయేది. ఇప్పుడు కొంచెం నయం. క్లాసుల పరిచయాలు వస్తే, ఇండియా, తెలంగాణ అని చెప్పినంక మూడో మాటగ గోండు, కొలాం అని కూడా చెప్తున్నం. "అదేంది?" అని అడుగుతరు. రెండు నిమిషాలు పడతది, చెప్తం.

లైప్‌జిగ్ అక్క అన్నది తప్పు అని మేం అనం. ఎవరి గాయం వాళ్లకు తెలుసు, చెప్పుకునే రోజు కూడా వాళ్లే చూసుకుంటరు. మాకు మాత్రం దోస్తు మాట నిలిచిపోయింది, ఆలస్యమైతే చెప్పబుద్ధి కాదు.

ఇప్పుడు మీకు పని. ఆశ్రమ పాఠశాలలకు పోయిన మా చెల్లెండ్లు, తమ్ముళ్లు ఇంటికి వచ్చినా తెలుగులనే జవాబు ఇస్తున్నరు. మీ ఇండ్లల్ల కూడా ఇట్లనే ఉండొచ్చు. దీపావళికి దండారి నడిచే రోజులల్ల అందరం గూడేలకు చేరుతం. అప్పటికి మేం కూడా వచ్చేస్తం. గూడెంకు ఇద్దరు డిగ్రీ పిల్లలు ఉంటే చాలు, సాయంత్రం ఒక గంట చిన్న పిల్లలను కూసోబెట్టి మన భాషల కథ, ఆట, లెక్క చెప్పుదాం. ఉండి, రండ్, ముండ్, నాలుంగ్ అని వేళ్ల మీద లెక్కపెట్టిచ్చుడుతోనే మొదలుపెట్టొచ్చు. ముసలోళ్లను పక్కన కూసోబెట్టుకుందాం, వాళ్లే అసలు టీచర్లు. క్రోస్ట్‌విత్స్‌ల రిటైరైన టీచర్లు 17 మంది పిల్లల కోసం వచ్చిన్రు. మనకు ఏడుగురు వచ్చినా నడుపుదాం.

చదువు కోసం ఇటు రావాలనుకునేటోళ్లకు కూడా నాలుగు మాటలు. ఇక్కడ ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీలల్ల ట్యూషన్ ఫీజు లేదు, కొన్నిచోట్ల ఉన్నది, చూసుకొని అప్లై చేయాలె. వీసా కోసం ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌ల చూపియ్యాలె, స్కాలర్‌షిప్ ఉంటే దాని కాగితం చూపియ్యొచ్చు. పీజీకి వచ్చే ఎస్టీ పిల్లలకు తెలంగాణల అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉన్నది. పాస్‌పోర్ట్ ఇప్పుడే తీసుకోండి, కుల ధ్రువపత్రం, టెన్త్ మెమోలో పేరు స్పెల్లింగ్ ఒకటే ఉన్నదా చూసుకోండి. జర్మన్ ఏ1 హాస్టల్ల ఉండంగనే మొదలుపెట్టండి. రెండు భాషలతో పెరిగినోళ్లకు ఇంకో భాష నేర్చుకునుడు అంత భయం ఏం కాదు. ఇంట్ల ఒకటి, బడిల ఒకటి చిన్నప్పటి నుంచే మోసినోళ్లం.

దండారికి ఏ గూడెంల ఎవరెవరు ఉంటరో ఇక్కడ పేర్లు రాయండి. ఉట్నూరు, కెరమెరి వైపు మా ఇద్దరి పేర్లు రాసుకోండి.

జై సేవా.